స్టూలు మీద ఫోను

అత్త ఇల్లు,
మేడ మీద గది

తమ్ముడనే వాడికి,

నీ నెంబరు బ్లాక్ చేశాను. ఎన్నిసార్లు కొట్టినా మోగదు, ఆ ప్రయాస పెట్టుకోకు. ఫోన్లో అయితే నేను రెండు మాటలు అనేలోపు "అది కాదక్కా" అంటూ మధ్యలో దూరతావు. ఉత్తరంలో దూరడానికి సందు ఉండదు. కుడి చెయ్యి కట్టులో ఉంది కాబట్టి ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు కోడి గీకినట్టున్నాయని నవ్వావో, ఈ చేత్తోనే చెంప పగలగొడతాను.

మన గిటారు బక్కోడు తన స్టేటస్‌లో పెట్టిన వీడియో అత్త చూపించింది. పాపం, తను సంతోషపడుతూ చూపించింది. "చూడవే, నువ్వు లేకపోయినా మనవాళ్ళు రిసెప్షన్‌లో ఎంత బాగా చేశారో" అంది. చూశాను. పిన్ని పాడుతోంది. నువ్వు కీబోర్డు దగ్గర వంగి ఉన్నావు. బక్కోడు ఎప్పట్లాగే కళ్ళు మూసుకుని గొప్పలు పోతున్నాడు. వెనక డ్రమ్స్ మోగుతున్నాయి. వాయించే మనిషి లేదు. నా స్టూలు ఉంది. దాని మీద ఒక ఫోను ఉంది. ఫోన్‌కి కింద మెత్త కూడా వేశారు!

ఎవరినైనా తెచ్చి కూర్చోబెట్టి ఉంటే ఇంత ఒళ్ళు మండేది కాదు. మనిషిని తిట్టవచ్చు. ఫోన్ని ఏమని తిట్టను?

సరే, అంతవరకు మింగాను. తర్వాత సింబల్ మోగింది. అంచు చీలిన నా ఇత్తడి పళ్ళెం, చివర్లో కాస్త గరగరమంటుంది. ప్రపంచంలో ఆ గరగర ఒక్కదానికే ఉంది, అది నాది. అంటే నా గది తాళం తీశావు. నా డ్రమ్స్ మీద దుప్పటి తీశావు. నా కర్రలు పట్టుకుని కొట్టి, ఆ చప్పుడు ఫోన్లోకి ఎక్కించావు. నా డ్రమ్స్ మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదని ఇంట్లో పసిపిల్లలకి కూడా తెలుసే!

ఆ రోజు హాలు మెట్ల మీద పెద్ద డ్రమ్ముతో సహా జారిపడ్డప్పుడు నేను ముందు డ్రమ్మును పట్టుకున్నాను, తర్వాతే చేతిని చూసుకున్నాను. అది నీకు తెలుసు. అలాంటిదాన్ని పట్టుకుని ఇలా చేశావు.

ఫోన్లో డ్రమ్స్ వాయించే ఆ యాప్ ఏదో, తీసెయ్. కట్టు విప్పగానే వస్తాను. వచ్చేసరికి స్టూలు ఖాళీగా ఉండాలి.

అక్క

*

షాపు,
రిపేరు బల్ల దగ్గర

అక్కకి,

అది కాదక్కా.

చూశావా, ఉత్తరంలో కూడా దూరగలను. నవ్వొస్తే నవ్వుకో, రాకపోతే చించెయ్, కానీ చివరిదాకా చదివి చించు.

నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను అడిగాను. ఆ రిసెప్షన్‌కి ఆర్కెస్ట్రావాళ్ళ డ్రమ్మరు వస్తానన్నాడు, పిలవనా అని. నువ్వేమన్నావు? "వాడు నా స్టూలు మీద కూర్చుంటే స్టూలు తగలబెడతా" అన్నావు. మత్తు దిగకముందే అన్నావు. పోనీ ప్రోగ్రాం వదులుకుందామంటే పిన్ని ఒప్పుకోలేదు, మాటిచ్చాక మానేస్తే ఇంకెవరు పిలుస్తారు అంది. మనిషి వద్దు, మానడం వద్దు. ఇక మిగిలింది ఏమిటి? షాపులో స్క్రీను మార్చడానికి వచ్చిన ఒక ఫోన్లో ఈ యాప్ కనబడింది. ఆ ఫోను తెచ్చినవాణ్ణి దాని పేరు అడిగి నా ఫోన్లో వేసుకున్నాను.

వరసకి పదహారు గళ్ళు ఉంటాయి. ఒక వరస పెద్ద డ్రమ్ముకి, ఒకటి చిన్నదానికి, ఒకటి సింబల్‌కి. ఏ గడి మీద వేలు పెడితే అక్కడ దెబ్బ పడుతుంది. ఒక దీపం ఎడమ నుంచి కుడికి పరిగెత్తి మళ్ళీ మొదటికి వస్తుంది. అంతే. దానిలో ఉన్న చప్పుళ్ళు మాత్రం ఘోరం, రేకు డబ్బా మీద చెంచాతో కొట్టినట్టు. పిన్ని విని "వాయిస్తున్నది మన పిల్ల కాదని అందరికీ తెలిసిపోతుందిరా" అంది. అందుకే నీ డ్రమ్స్ ఒక్కొక్క దెబ్బ రికార్డు చేశాను. చేతులు కడుక్కుని వెళ్ళాను. కర్రలు ఉన్నచోటే పెట్టాను. దుప్పటి మడతలు కూడా అలాగే వేశాను.

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను, బక్కోడు వీడియోలో పెట్టని ముక్క. మొదటి పాటకి నేను ఫోను నొక్కాను. డ్రమ్స్ మొదలయ్యాయి. ఒక్కరం కూడా అందుకోలేదు. నేను, పిన్ని, బక్కోడు, ముగ్గురం నీ స్టూలు వైపు గుడ్లప్పగించి చూస్తున్నాం. అప్పుడు తెలిసింది, మనలో ఎవరికీ లెక్కపెట్టడం రాదు. నువ్వు కర్రలు ఒకదానికొకటి కొట్టి గడ్డం పైకెత్తుతావు, మేం దూకుతాం. ఇన్నేళ్ళుగా మాకు తెలిసిన సంగీతం అదే. ఫోను తన పాటికి తను వాయించుకుంటూ పోతోంది. పిన్ని మైకు పక్కకి తీయడం మర్చిపోయి "దీనికి గడ్డం ఏదిరా?" అంది. హాలంతా నవ్వు.

చెయ్యి ఎలా ఉంది? అత్తని అడిగితే మాట దాటేస్తోంది.

తమ్ముడు

*

మేడ మీద గది

ఒరేయ్,

చేతికేం, బ్రహ్మాండంగా ఉంది. అత్త మాట దాటేయడం ఏమిటి, దాటేయడానికి మాట ఉంటే కదా! ఆసుపత్రిలో ఫిజియోథెరపీ అంటూ రోజంతా అందరి చేతులూ కాళ్ళూ వంచి వంచి ఇంటికొస్తుంది, నీతో కబుర్లాడే ఓపిక ఎక్కడుంటుంది?

శత్రువు ఎలాంటివాడో చూద్దామని ఆ యాప్ నా ఫోన్లో వేశాను. పని ఉండి కాదు, కసితో. ఎడమ బొటనవేలితో నొక్కుతూ కూర్చున్నాను. అత్త భోజనానికి పిలుస్తూనే ఉందట, వినబడలేదు. అది దాని గొప్ప కాదు, నా కోపం అలాంటిది.

మొదటి సంగతి. మాంచి ఊపులో ఉండగా ఆగిపోయి బాత్రూం కడిగే మందు ప్రకటన వేసింది. నేను ఇన్నాళ్ళు వాయించాను, పాట మధ్యలో లేచి ఎవరికైనా మందు అమ్మానా?

రెండోది. వేగం ఒకసారి పెడితే చచ్చినా మారదు. పిన్ని రెండో చరణం ముందు ఊపిరి తీసుకోవడానికి కాస్త వెనకపడుతుంది. నేను కూడా వెనక్కి తగ్గుతాను. ఈ పెద్దమనిషి తగ్గడు. గోడ గడియారాన్ని పక్కన పెట్టుకుని పాడుకోవచ్చుగా, అది ఇంకా చవక.

మూడోది విను, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది ఇక్కడే. అందులో 'మనిషిలా' అని ఒక మీట ఉంది. నొక్కితే దెబ్బలు అటూ ఇటూ జరుగుతాయి, ఒకటి ముందు, ఒకటి వెనక. ఎందుకు జరిగాయంటే ఊరికే జరిగాయి! అంటే మనిషంటే ఊరికే తప్పులు చేసేది అని వాళ్ళ ఉద్దేశం. నేను ముందుకెళితే జనం విసుగు చూసి వెళ్ళాను. వెనకపడితే పిన్ని మొహం చూసి పడ్డాను. నా తప్పుల్లో ఒక్కటి కూడా ఊరికే చేసింది లేదురా.

గడ్డం సంగతి చదివి నవ్వాననుకుంటున్నావేమో. నవ్వలేదు. నవ్వానని అత్త చెప్పినా నమ్మకు.

కొత్త ప్రోగ్రాములు ఏమీ ఒప్పుకోవద్దు. నేను వస్తున్నాను.

అక్క

*

షాపు

అక్కకి,

ఉత్తరం అందింది. ఇక్కడ అంతా బాగానే ఉన్నాం. షాపులో పని ఎక్కువగా ఉంది, పొడుగ్గా రాయలేకపోతున్నాను. ప్రకటనలు రాకుండా చేసే దారి ఉంది, కింద మూల ఉన్న మూడు చుక్కలు నొక్కి చూడు.

ప్రోగ్రాముల సంగతి నువ్వు వచ్చాక తీరిగ్గా మాట్లాడుకుందాం. తొందరపడి రావద్దు. చెయ్యి ముఖ్యం.

తమ్ముడు

*

మేడ మీద గది

నీకు,

"తొందరపడి రావద్దు." ఎంత ప్రేమ! చదివి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత పిన్ని అత్తకి ఫోన్ చేసింది. పిన్నికి కడుపులో మాట దాగదని తెలిసీ ఆవిడకి ఎందుకు చెప్పావురా మొద్దూ?

హోటల్లో వారం వారం పాడే అవకాశం వచ్చిందట. భోజనాల హాల్లో, మూల చిన్న వేదిక. కీబోర్డు, గిటారు, పిన్ని. డ్రమ్స్‌కి చోటు లేదని మేనేజరు అన్నాడట. నువ్వు సరేనన్నావట. ఒక్క వారానికి కాదు, నేను వచ్చేదాకా కాదు. ఎప్పటికీ సరేనన్నావు.

నాకు ఒక్క మాట చెప్పలేదు. నేను ఇక్కడ కట్టు వేసుకుని పడి ఉంటే, నువ్వు అక్కడ నా స్టూలు చోటు కొలిపించావు. మూడు చుక్కలు నొక్కమని సలహా ఒకటి!

నీ ఉత్తరం చదివాక కాదు, పిన్ని చెప్పింది విన్నాక, నా పంతం పక్కన పెట్టాను. నీ నెంబరు బ్లాక్ తీశాను. తీసి ఫోన్ చేశాను. నీ నోటితో వినాలనుకున్నాను. ఒకసారి మోగింది, కట్ చేశావు. మళ్ళీ చేశాను. మోగింది, మళ్ళీ కట్ చేశావు. అమ్మ పోయాక పిన్ని మనిద్దరినీ చెరో పక్కన పడుకోబెట్టుకుని పెంచింది. నువ్వు చీకటికి భయపడితే గోడ మీద వేళ్ళతో దరువు వేసి నిద్రపుచ్చింది నేను. ఆ మనిషి ఫోన్ చేస్తే కట్ చేశావు.

బ్లాక్ మళ్ళీ పెట్టాను. ఈసారి తియ్యను. ఆ హోటల్లో మీరు ముగ్గురూ, మీ ఫోనూ సుఖంగా ఉండండి. నా డ్రమ్స్ మాత్రం నా గదిలోంచి అంగుళం కదలకూడదు.

*

షాపు, షట్టరు దించి

అక్కా,

నీ ఉత్తరానికి కింద పేరు కూడా పెట్టలేదు. పెట్టకపోయినా ఇంత కోపం ఎవరిదో పోస్టుమేన్‌కి కూడా తెలుసు.

నువ్వు ఎప్పుడు ఫోన్ చేశావో తెలుసా? హోటల్లో మేం పాడుతుంటే చేశావు. ఆ ఫోను నా జేబులో లేదు. నీ స్టూలు మీద ఉంది, స్పీకర్లకి తగిలించి ఉంది. డ్రమ్స్ ఠక్కున ఆగిపోయి, అంత పెద్ద హాల్లో నా రింగ్‌టోను మోగింది. సూపు తాగుతున్న ఆవిడ చెంచా వదిలేసింది. నేను కీబోర్డు దాటి ఉరికి కట్ చేశాను. ఊపిరి పీల్చుకునేలోపు మళ్ళీ చేశావు! నువ్వు లేకుండా మోగిన డ్రమ్స్‌ని నువ్వే ఆపావు, సంతోషమా?

బక్కోడు చేతులు వదిలేశాడు. నేను వదిలేశాను. పిన్ని వదల్లేదు. కళ్ళు మూసుకుని పాడుతూనే ఉంది. డ్రమ్స్ లేవు, కీబోర్డు లేదు, ఒక్క గొంతు. కిందికి, చాలా కిందికి వెళ్ళి పాడింది. అంత కింద ఆవిడకి గొంతు ఉందని నాకు తెలియదు. నీకూ తెలియదు. హాల్లో పళ్ళేల చప్పుడు కూడా ఆగిపోయింది.

దిగాక ఏమందో తెలుసా? "ఎన్నాళ్ళకి నా గొంతు నాకు వినబడిందిరా" అంది. తర్వాత కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. గొంతు డాక్టరుకి చూపించుకుంటోంది, ఈ మధ్య కాదు, నీ చెయ్యి విరగకముందు నుంచీ. అరిచి పాడటం మానకపోతే ఉన్న గొంతు కూడా పోతుందన్నాడట. ఎందుకు అరుస్తోంది? నీ మీదుగా వినబడాలి కాబట్టి. నువ్వు వెనక నుంచి "పిన్నీ, ఇంకాస్త గట్టిగా, నీ గొంతు అందడం లేదు" అనేదానివి గుర్తుందా? ప్రతి ప్రోగ్రాంలోనూ అనేదానివి. ఆవిడ ఇంకాస్త అరిచేది. నువ్వు ఇంకాస్త కొట్టేదానివి. ప్రోగ్రాంకి ముందు ఫ్లాస్కులో వేడినీళ్ళు తాగుతుంటే కంగారు అన్నావు, నేనూ కంగారే అనుకున్నాను. కంగారు కాదు, మంట.

ఫోన్లో చప్పుడు తగ్గించే మీట ఒకటి ఉందక్కా. పిన్ని వేలు దాని మీదే ఉంటోంది ఈ మధ్య. ఎందుకో అప్పటికి తెలియకపోయినా, అది చూసే హోటల్‌కి సరేనన్నాను. నీ స్టూలు చోటు కొలిపించాలని కాదు. ఇది నీకు చెప్పకూడదని పిన్ని ఒట్టు వేయించుకుంది. ఒట్టు తప్పాను. ఆవిడ తిట్టినా సరే, నువ్వు తిట్టినా సరే. నాకూ కోపం వస్తుంది. ఇంట్లో కోపం నీ ఒక్కదాని సొత్తు కాదు.

తమ్ముడు

*

మేడ మీద గది

తమ్ముడికి,

ఎన్నిసార్లు మొదలుపెట్టి చించానో అడగకు.

ఒక్క మాట. నువ్వు చెప్పొచ్చు, బక్కోడు చెప్పొచ్చు, పిన్ని వెనక్కి తిరిగి "కాస్త మెల్లగా కొట్టవే" అంటే సరిపోయేది. నా ఎదురుగానే గొంతు మండుతూ పాడింది. నాకు చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఏదో తప్పు చేసినదానిలా, దొంగతనంగా! నా కోపం ఇప్పుడు నీ మీద కాదు, ఆవిడ మీద. ఇంత కోపం ఆవిడ మీద నాకెప్పుడూ రాలేదు.

మీ అందరికీ నేనంటే అంత భయమా?

అక్క

*

షాపు

అక్కా,

భయమే.

కట్టు విప్పేశారని అత్త చెప్పింది. మరి ఉత్తరాలు ఇంకా ఎడమ చేత్తోనే ఎందుకు రాస్తున్నావు?

తమ్ముడు

*

అత్త ఇల్లు,
పెట్టె సర్దుతూ

తమ్ముడూ,

చూసే వాటా నీకు బాగానే వచ్చింది, మాట్లాడే వాటాయే నాకొచ్చింది.

ఈ ఉత్తరం మొదటి వరస కుడి చేత్తో రాశాను. పైన చూడు, ఎక్కడ కలం జారిందో తెలుస్తుంది. వేళ్ళు మూసుకుంటాయి, బిగుసుకోవు. కట్టు విప్పిన రోజే అత్త గదిలో కర్ర పట్టుకుని మంచం మీద కొట్టి చూశాను. మొదటి దెబ్బకి చేతిలోంచి ఎగిరి గోడకి తగిలింది. రెండో దెబ్బకి అద్దం. అత్త చీపురు తెచ్చింది. ఊడుస్తూ, అటు తిరిగి చెప్పింది: "కలం పట్టుకుంటావు, గరిటె పట్టుకుంటావు. మునుపటిలా కొట్టడం మాత్రం ఇక ఉండదమ్మా." ఇన్ని ఉత్తరాల్లో నీకు "వస్తున్నాను, వస్తున్నాను" అని రాస్తున్నప్పుడే నాకిది సగం తెలుసు. అందుకే అంత గట్టిగా రాశాను.

ఏడిచాను. అయిపోయింది. ఓదార్చడానికి అరపేజీ కూడా ఖర్చు పెట్టకు, నాకు చిరాకు.

ఆ యాప్ మాత్రం ఇంకా తిడుతున్నాను. తిడుతూ తిడుతూ పిన్ని నెమ్మది పాటకి ఒకటి కట్టాను. చిన్న డ్రమ్ము తీసేశాను. పెద్దది గుండె మీద చేత్తో తట్టినంత. చీలిన సింబల్ ఒకే ఒక్క చోట, రెండో చరణం ముందు, ఆవిడ ఊపిరి తీసుకునే చోట. అక్కడ ఆ పరిగెత్తే దీపాన్ని వేలితో ఆపి, ఆవిడ సిద్ధమయ్యాక వదలాలి. 'మనిషిలా' మీట దానంతట అది ఆ పని చెయ్యలేదు, ఒక మనిషి పక్కన కూర్చుని చెయ్యాలి. ఆ పనికి ఒక్క బొటనవేలు చాలు. అది నాకుంది. దీపం తిరిగే మొదటి చుట్టులో పదహారు గళ్ళూ ఖాళీగా వదిలాను. అది దేనికో నీకు చెప్పక్కర్లేదు.

మీ మేనేజరుకి చెప్పు. డ్రమ్స్‌కి చోటు లేదన్నాడు కదా, డ్రమ్స్ తేవడం లేదు. గడ్డం తెస్తున్నాను. స్టూలు మీద నుంచి ఫోను తీసెయ్, అది నా ఒళ్ళో ఉంటుంది. ఇంకోటి, వాయించేటప్పుడు ఫోన్‌కి కాల్స్ రాకుండా పెట్టుకోవాలని నీకెవరూ చెప్పలేదా? ఊళ్ళో అందరి ఫోన్లూ బాగుచేస్తావే వెధవా!

పిన్నితో నేను పోట్లాడాలి. చాలా పెద్ద పోట్లాట. ముందుగా చెప్పకు, పారిపోతుంది. ఎదురుగా కూర్చోబెట్టి, గొంతు పెంచకుండా పోట్లాడాలి. ఎలాగో నాకు తెలియదు, రైల్లో నేర్చుకుంటాను.

నా డ్రమ్స్ మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదన్నాను. ఇప్పటికీ అదే మాట, నువ్వు తప్ప. ఊరికే పడి ఉంటే స్క్రూలు తుప్పు పడతాయి. వారానికి ఒకసారైనా గది తలుపు తీసి, దుప్పటి తీసి, కూర్చుని వాయించు. కర్రలు బిగించి పట్టుకో. మెత్తగా తట్టావంటే వచ్చి తంతాను.

గట్టిగా కొట్టు. పిన్ని ఇంట్లో లేనప్పుడు.

అక్క